చేప కింద లంక

భాద్రపదం మొదట్లో, వాన

చెడిపోయిన అచ్చుల వెనకవైపు ఇది రాస్తున్నాను. కొత్తరేవులో మంచి కాగితమంతా ఊరిని నడిపే రేవు సభది. చెడిపోయిన కాగితం ఎవరికీ అక్కర్లేదు గనక నాది. ఈ వయసులో నా సంగతీ అంతే కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

పొద్దున్నుంచి రాగిరేకు మీద గోదావరి మూతిని సరిచేస్తున్నాను. నా చిన్నప్పుడు ఈ కొండ మీదనుంచి సముద్రానికి బస్సులో సగం రోజు ప్రయాణం. ఇప్పుడు మెట్లు దిగితే చాలు, కాళ్ళు తడుస్తాయి. కోనసీమంతా నీళ్ళ కింద ఉంది. పైకి తేలిన మెట్టలు, పాత మిద్దెలు, గిడ్డంగుల కప్పులు లంకలై మిగిలాయి. వాటిమీద మనుషులున్నారు. ప్రతి వానాకాలం తర్వాత నీళ్ళు దారి మార్చుకుంటాయి. దారి చూపే ఉపగ్రహాలు నా కూతురి పెళ్ళినాటికే ఒకదాన్నొకటి గుద్దుకుని చచ్చాయి. అందుకని, కొన్ని వందల ఏళ్ళ కిందట ఆమ్‌స్టర్‌డామ్‌లో పటాలు ఎలా చేసేవారో మేమూ అలాగే చేస్తున్నాం. రాగిరేకు మీద ఉలితో తిరగేసి చెక్కడం, గీతల్లో మసి కూరడం, తడి కాగితం పరిచి అచ్చుయంత్రం చక్రం తిప్పడం. మసి నూరడానికి పాత ఫోను అద్దాన్ని మించింది లేదు. అది అంత నిజాయితీగా పనిచేయడం నేను ఇదే చూడడం.

ఈ పని నాకెలా వచ్చిందంటే, మ్యూజియంలో పాత ఐరోపా పటాలకు పురుగు వదిలించి, చిరుగులు అతికి బతికినదాన్ని. ఆ పటాలు అందమైనవి, అబద్ధాలకోరువి. చెక్కినవాళ్ళలో చాలామంది సముద్రం ఎక్కలేదు. ఒకడి తప్పును ఇంకొకడు కాపీ కొట్టేవాడు. కాలిఫోర్నియాను ద్వీపమని నూరేళ్ళకు పైగా అచ్చేశారు. ఏమీ తెలియని చోట ఏనుగును పెట్టేవారు, సముద్రం ఖాళీగా ఉంటే పందిమూతి తిమింగలాన్ని పెట్టేవారు. ఇంకా ఖాళీ మిగిలితే పేరుచట్రం, అంటే పటం పేరు చుట్టూ దేవతలూ ద్రాక్షగుత్తులూ ఉన్న పెద్ద అలంకారం. అజ్ఞానాన్ని అంత ముద్దుగా దాచుకున్న జాతి మరొకటి లేదు.

మధ్యాహ్నం సరంగు యల్లాజీ లోతులు చెప్పడానికి వచ్చాడు. ఈ నీళ్ళలో పడవ నడిపేవాళ్ళందరికీ పెద్ద అతను. గుండు కట్టిన తాడు వదిలి, బారల లెక్కన కొలిచి తెస్తాడు. అన్నీ చెప్పి, పోబోతూ ఒకచోట వేలు పెట్టాడు.

"ఇక్కడో చేపేసెయ్యండి మామ్మగారు. బాగుంటదండి."

"మొన్ననేగా ఒకటి వేయించుకున్నావు? పటమా, చేపల బజారా ఇది?"

"ఏసెయ్యండి. చిన్నదే."

వేశాను. పడవవాళ్ళు నా చేపలంటే ముచ్చటపడతారు. మనసులో మాట రాస్తే, నాకూ ముచ్చటే. తోక తిప్పడంలో నన్ను మించినవాళ్ళు ఈ తీరంలో లేరు. పోటీకి రెండోవాళ్ళు లేరన్నది వేరే విషయం.

వెళ్తూ వెళ్తూ అసలు కబురు చెప్పాడు. గిడ్డంగిలంకలో నా మనవరాలు కిన్నెర బాగానే ఉందట. ఆషాఢంలో అక్కడ జ్వరాలు మొదలైతే మందులు పట్టుకుని వెళ్ళింది. ఆ తర్వాత సభ రాకపోకలు ఆపేసింది. యల్లాజీ మాత్రం వారం వారం మేము పోగుచేసిన బియ్యం మూటలు గిడ్డంగి మెట్ల మీద దించి, జ్వరం భయానికి దూరంనుంచే కేకేస్తాడు. అది కూడా కేకేస్తుంది.

"మా అమ్మమ్మని కళ్ళద్దాలు తుడుచుకోమను అందండి."

తుడుచుకున్నాను.


భాద్రపదం, పౌర్ణమి దాటింది

రేవు సభ కార్యదర్శి దివాకరం వచ్చాడు. నా పేరు హైమవతి అని ఈ ఊళ్ళో గుర్తున్నది వాడికొక్కడికే. ఒకప్పుడు మ్యూజియంలో నా దగ్గర పటాల చరిత్ర చదివాడు. 'పటం ఎందుకు గీస్తారు?' అన్న ప్రశ్నకు 'గోడకు అందం కోసం' అని రాస్తే సున్నా వేశాను. అప్పటినుంచీ ఆ జవాబు ఒప్పని నిరూపించడానికి కష్టపడుతున్నాడు. ఎగువ ఊళ్ళ పెద్దలు రంగులద్దిన మా పటాలు వడ్లిచ్చి కొనుక్కుని గోడలకు తగిలించుకుంటున్నారు. అదే రేకునుంచి రంగు లేకుండా తీసినవి పడవలకు వెళ్తాయి.

"మేడమ్, ఈసారి పేరుచట్రం లేదేంటి? చట్రం లేకపోతే పటం బోసిగా ఉంటుంది."

"చోటు లేదు నాయనా. నీళ్ళు పెరిగాయి గానీ ఖాళీ పెరగలేదు."

"ఇక్కడ పెట్టొచ్చు కదా," అని వేలు పెట్టాడు. వేలి కింద గిడ్డంగిలంక ఉంది.

"అక్కడ మనుషులున్నారు."

"జ్వరం ఉంది మేడమ్."

"జ్వరం మనుషులకే వస్తుంది దివాకరం. చట్రాలకు రాదు."

వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. ఆశ్వయుజంలో పెద్ద తుఫాను వస్తుందని పడవవాళ్ళంతా అంటున్నారు. అంతకుముందే ఎగువనుంచి పెద్ద పడవలు తెప్పించి లంకలు ఖాళీ చేయించాలని సభ తీర్మానించింది. తీర్మానంలో ఉన్న మాట 'పటములో చూపబడిన లంకలన్నియు'. ఎగువ పడవలవాళ్ళకు ఈ నీళ్ళు కొత్త. పటంలో ఏముంటే అక్కడికే వెళ్తారు.

"జ్వరం కొండ మీదకొస్తే ఇక్కడ ఎంతమంది పోతారో మీరే చెప్పండి. అలాగని వాళ్ళని వదిలెయ్యమని ఎవరు సంతకం పెడతారు? నేను పెట్టను. ఎవరూ పెట్టరు. పటంలో లేదనుకోండి, అప్పుడు ఎవరూ ఏమీ అననట్టే."

"కిన్నెర అక్కడుంది."

"తెలుసు మేడమ్. చాలా బాధగా ఉంది."

నిజంగానే బాధపడుతున్నాడు. బాధపడడంలో మాత్రం వాడికి ఎప్పుడూ మంచి మార్కులే.

చెయ్యనంటే రేకు వాడి బావమరిది చేతికి వెళ్తుంది. ఆ మహానుభావుడు గునపంతో చెక్కుతాడు. రేకు నా దగ్గరే ఉండాలి. అంచేత, "చట్రం వద్దు. చేప పెడతాను. పెద్దది. ఎగువ పెద్దలు అలాంటిది చూసుండరు," అన్నాను.

వాడి మొహం వెలిగింది. "రెండు తోకలుంటే ఇంకా బాగుంటుంది మేడమ్."

"రెండోది ఎందుకు? నువ్వు ఊపడానికా?"

నవ్వాడు. వెళ్తూ తలుపు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి పోయాడు, నాకు సాయంగా. ఆ సాయం రోజంతా వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ నా నోటివంక చూస్తూ ఉంటుంది.


భాద్రపదం చివర

రాగి మీద గీత చెరపడం గీయడంకంటే కష్టం. ముందు గీకాలి. గీకినచోట గుంట పడుతుంది. గుంటలో మసి నిలిచి మరకలా అచ్చవుతుంది. అందుకని రేకును బోర్లించి, వెనకనుంచి చిన్న సుత్తితో తట్టి తట్టి ఆ చోటును పైకి తేవాలి. తర్వాత నునుపు రాయితో పాలిష్. రెండు రోజులు గిడ్డంగిలంకను వెనకనుంచి తట్టాను. మూడోరోజుకి అక్కడ నా మొహం కనిపించేంత నున్నగా అయింది. చూడబుద్ధి కాలేదు.

ఆ తర్వాత చేప మొదలుపెట్టాను.

దీని వీపు గీత లంక అంచు గీతే, ఒక్క వంకర మార్చలేదు. మూతి దగ్గర మూడు మీసాలు. నడిమి మీసం గిడ్డంగి మెట్ల దగ్గరికి వెళ్ళే కాలవ. పొట్ట మీది పొలుసుల్లో గీతలు లెక్కపెట్టి పెట్టాను. ఒక గీత ఒక బార లోతు. యల్లాజీ తెచ్చిన కొలతలే. అతను ఒక్కసారి చూస్తే చాలు, తన లోతులు తను గుర్తుపడతాడు. ఎగువ పడవలకు దారి చూపేది అతనే గనక, 'ఈ చేప దగ్గరికి ఇలా పోవాలి' అని చెబుతాడు. నోరు విప్పి నేను చెప్పలేను. శెనక్కాయలవాడు వింటాడు. చెప్పానని తెలిస్తే యల్లాజీ పడవ లాక్కుంటారు. అసలు చెప్పాల్సిన పనేముంది? అంత స్పష్టంగా చెక్కాను.

దివాకరం వచ్చి చూసి, "అద్భుతం మేడమ్. బతికున్నట్టే ఉంది," అన్నాడు.

"ఉంది," అన్నాను.


ఆశ్వయుజం, మొదటి అచ్చులు

తడి కాగితం రేకునుంచి వలిచి పైకెత్తినప్పుడు వచ్చే చప్పుడంటే నాకు చిన్న పిల్లల ముద్దంత ఇష్టం. ఈరోజు ఇష్టపడే తీరిక లేదు. అచ్చు ఆరీ ఆరకముందే యల్లాజీని పిలిపించాను.

అతను పటం ముందు నిలబడి చాలాసేపు చూశాడు. చూపు చేప దగ్గర ఆగింది. నేను శెనక్కాయలవాడివైపు చూడకుండా, పొలుసుల మీద ఉలి మొనతో మెల్లిగా తట్టాను.

"ఈ చేప మీరే ఏశారా అండి?"

"కాక మీ తాతగారొచ్చి వేశారా?"

"మీరే ఏశారు," అన్నాడు, ఈసారి అడిగినట్టు కాదు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు.

"ఏమిట్రా ఇది? నేనేం పెళ్ళి చేసుకోవడం లేదు."

నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.

అర్థమైంది వీడికి. గుండెల మీదనుంచి రాయి దించినట్టయింది. సాయంత్రం రెండుసార్లు అన్నం తిన్నాను.


ఆశ్వయుజం, రెండో వారం

యల్లాజీ మళ్ళీ రాలేదు. బియ్యం మూటలు ఎప్పుడూ పెట్టే అరుగు మీదే ఉన్నాయి. పోయినవారంవీ ఉన్నాయి. కబురు చేస్తే పడమటి లంకల వైపు వెళ్ళాడని, వలల పని ఉందని ఏదో చెప్పారు. సభవాళ్ళు బెదిరించారేమో అనుకున్నాను. గాలి తూర్పుకు తిరిగింది. రేవులో కొంగలు లేవు.


ఆశ్వయుజం, ఎగువ పడవలు వచ్చిన రోజు

ఈ రోజు సంగతి వరసగా రాయాలి.

పొద్దున్నే పెద్ద పడవలు దిగాయి. రేవుకు వెళ్ళాను. శెనక్కాయలవాడు మెట్ల దాకా వచ్చి, మోకాళ్ళ నొప్పులని ఆగిపోయాడు. వాడు నాకంటే ముప్పై ఏళ్ళు చిన్న.

యల్లాజీ ఎగువ తండేలుతో మాట్లాడుతున్నాడు. తండేలు, అంటే ఆ పడవల పెద్ద, ఆడమనిషి, పేరు సారక్క. పొట్టి మనిషి, తెడ్డు లాంటి చేతులు. ఆమె చేతిలో నా పటం ఉంది.

"కిన్నెర ఏమంది?" అని యల్లాజీని అడిగాను.

అతను నావంక మతి చలించినవాళ్ళని చూసినట్టు చూశాడు. "ఏమంటదండి మామ్మగారు... కూకోండి. ఎండగా ఉంది."

"బియ్యం ఎందుకు దించలేదు?"

"ఎవరికండి?"

"ఎవరికేమిటి? గిడ్డంగిలంకలోవాళ్ళకి!"

అతను గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చుట్టూ చూసి, నన్ను తాళ్ళకుప్ప మీద కూర్చోబెట్టి, తను నేలమీద కూర్చుని మెల్లిగా చెప్పాడు.

"మునిగిన పడవ పేరు మేం ఒడ్డున అనమండి. అంటే సముద్రం విని, ఇంటోవాళ్ళని కూడా పిలుస్తాదంటారు. అందుకే మీ దగ్గరకొచ్చి చేపెయ్యమంటాం. ఆ చేప చూసుకుని దణ్ణం పెట్టుకుంటాం, ఆ చోటుకి మరి పోం. మీకు తెలుసనుకున్నామండి. అడిగినోళ్ళని మీరెప్పుడూ ఎందుకని అడగలేదు గదా." ఆగాడు. "మీ మనవరాలున్న చోట మీ చేత్తో మీరే అంత చేపేశారు. జ్వరానికి అందరూ పోయారని మీకు సభనుంచి కబురొచ్చిందనుకున్నాను. ఇంక నేను నోరిప్పి అడుగుతానా అండి?"

నా పటం నిండా ఉన్న చేపలన్నీ కళ్ళముందుకొచ్చాయి. తోక బాగా కుదిరిందని మురిసిన చేపలు. మొన్న వాన రోజున వేసింది ఎవరి కోసమో ఇప్పుడు అడిగాను. అతను తల వంచుకున్నాడు. వాళ్ళ తమ్ముడు కనిపించి చాలా రోజులైందని అప్పుడు తట్టింది.

బియ్యం ఆగి పక్షం దాటింది. ఆపింది జ్వరం కాదు, దివాకరం కాదు.

"గా చేపలున్న దిక్కు పోవద్దని యల్లాజీ మాకు మొదలే చెప్పిండు," అంది సారక్క. "ఇప్పుడు ఏందంటరు? గీ పెద్ద చేప కింద మనుషులున్నరా?"

"ఉన్నారు. నా మనవరాలు కూడా ఉంది. దారి ఆ చేప మీసంలోనే ఉంది. పొలుసుల్లో గీతలు లెక్కపెట్టు, అవి బారలు."

ఆమె లెక్కపెట్టింది. యల్లాజీ కూడా వంగి లెక్కపెట్టాడు. వేలు ఒక్కో పొలుసు మీదకీ జరుగుతుంటే అతని మొహం మారింది. నుదురు కొట్టుకున్నాడు.

"నా లోతులేనండి ఇయ్యి."

"పెద్దమ్మా, సభ తీర్మానంల గా లంక లేదు," అంది సారక్క. "నువ్వేమో మనవరాలున్నదంటున్నవ్. గందుకే నాకు నమ్మబుద్ధి అయితలేదు. మనవరాలి కోసం ముసలోళ్ళు ఏమన్న చెప్తరు."

"చెబుతారు. అందుకే నేను నీ పడవ ముందు కొసన కూర్చుంటాను. లోతు తప్పయితే ముందు మునిగేది నేనే."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు మునిగినా పడవ తేలుతది, గంతే బరువున్నవ్. ఒక్క పడవ తీస్త. మిగిలినవి తీర్మానం ప్రకారం పోతయ్. గని ఒక మాట. జ్వరమున్నోళ్ళను ఎక్కించుకోను. నా పడవల పిల్లలున్నరు."

ఒప్పుకున్నాను. ఆలోచించకుండానే ఒప్పుకున్నాను. దివాకరం చేసిన బేరానికి నా బేరం చెల్లెలని పడవ కదిలాక గానీ తట్టలేదు.


మర్నాడు

అరుగు మీది బియ్యం మూటలన్నీ పడవలో వేసుకుని నడిమి మీసం వెంట వచ్చాం. లోతులు తప్పలేదు.

గిడ్డంగి కప్పు మీద మనుషులు నిలబడి చూశారు. ఎవరూ చేతులూపలేదు. దగ్గరికొచ్చాక తెలిసింది, ఊపే ఓపిక లేదని. పాత గిడ్డంగి గోడల పగుళ్ళలో ఇరుక్కున్న గింజలు పుల్లలతో తీసి, నత్తలతో కలిపి ఉడకేసుకున్నారట. ఒక పక్కన వరసగా కప్పిన గోనెలున్నాయి. వాటి కింద ఎవరున్నారో నేను అడగలేదు. వాళ్ళలో జ్వరంతో ఎందరు, ఆకలితో ఎందరు అన్నది అసలే అడగలేదు.

కిన్నెర జుట్టు కత్తిరించేసుకుంది. చొక్కా లోపల మనిషి ఉందా అన్నట్టుంది.

"నువ్వెందుకొచ్చావు అమ్మమ్మా?"

"నీ వంట తిందామని."

"నత్తలున్నాయి. ఉప్పు లేదు."

నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అక్కడే నిలబడి చెప్పేశాను. బియ్యం రాకపోవడానికి కారణం నేనేనని, చేప సంగతంతా. అది చంకలో ఉన్న ఎవరిదో పిల్లని నాకందించింది.

"తర్వాత చెబుదువుగాని. దీన్ని పట్టుకో. దీనికి జ్వరం లేదు."

సారక్క షరతు విన్నాక ఎవరూ మెట్లవైపు కదల్లేదు. కిన్నెరే ముందుకొచ్చింది. ఒక్కొక్కరి నుదుటి మీదా మణికట్టు వెనకవైపు ఆనించి, చల్లగా ఉంటే మెట్లవైపు, వెచ్చగా ఉంటే కప్పువైపు పంపింది. నూకాలు అని ఒకావిడ చల్లగా ఉంది. ఆమె మొగుడు వెచ్చగా ఉన్నాడు. ఆవిడ కదలనంటే మొగుడే భుజం పట్టుకుని తోశాడు.

"పోవే. నువ్వుంటే ఉన్న బియ్యంలో వాటాకొస్తావు."

ఆవిడ తిట్టుకుంటూ మెట్లు దిగింది. నేను విన్న తిట్లలో అంత ప్రేమ ఉన్నవి లేవు.

చివరికి ఎటూ వెళ్ళకుండా మధ్యలో కిన్నెర ఒక్కతే మిగిలింది.

"పద," అన్నాను, చెయ్యి పట్టుకుని.

"పట్టుకోకు అమ్మమ్మా."

"చిన్నప్పుడు పట్టుకోకపోతే రోడ్డు దాటేదానివి కాదు."

చెయ్యి కాలిపోతోంది. నా మొహంలో ఏం కనిపించిందో, సారక్క కూడా చూసింది. చూసి, తల పక్కకు తిప్పుకుంది. ఆ మాత్రం మర్యాద ఆవిడకుంది. షరతు మాత్రం మార్చలేదు.

"అయితే నేనూ ఉంటాను."

"ఉంటే నిన్నూ చూసుకోవాలి. నాకున్నవి రెండు చేతులు. బియ్యం అంతా ఇక్కడ దించేసి వెళ్ళండి. యల్లాజీ మావయ్యా, ఎల్లుండి మందులు తీసుకురా. ఈసారి చేపలూ గీపలూ చూడకు." ఒక్క క్షణం ఆగింది. "నీ కళ్ళద్దాలు మళ్ళీ మురికిగా ఉన్నాయి అమ్మమ్మా."

యల్లాజీ నన్ను బియ్యం మూటలా ఎత్తి పడవలో పెట్టాడు. గుద్దాను, తిట్టాను.


తుఫాను

ఎల్లుండి రాలేదు. ఆ ముందు రోజే గాలి వచ్చింది. యల్లాజీ మందుల పెట్టె పడవలో కట్టుకుని మూడుసార్లు బయల్దేరాడు. మూడుసార్లూ అలలు వెనక్కి విసిరాయి. మూడోసారి పడవ ముక్కలైంది. పెట్టె మాత్రం చంకలో ఉంది.

ఇంకేమీ రాయను.


కార్తీకం

నీళ్ళు తేరుకున్నాక యల్లాజీ అరువు పడవలో గిడ్డంగిలంక ఉన్నచోటికి వెళ్ళి వచ్చాడు. చెక్కే బల్ల ముందు నిలబడి, "రెండు బారలండి," అన్నాడు.

"కప్పు మీదా?"

"కప్పుకి తగల్లేదండి తాడు. కప్పే లేదండి."

రేకు మీద ఆ చోట రెండు అని తిరగేసి చెక్కాను.

సభ నన్నేమీ చెయ్యలేదు. లేని లంకనుంచి మనుషుల్ని తెచ్చానని శిక్షించాలంటే ముందు ఆ లంక ఉండేదని ఒప్పుకోవాలి. అదే కారణానికి ఆ మనుషులకు గింజలూ ఇవ్వలేదు. లేని ఊరివాళ్ళకు ఏ పద్దులో ఇస్తారు? అందుకని అందరూ నా అచ్చుశాలలోనే ఉంటున్నారు, నా వాటా, యల్లాజీ వాటా కలుపుకుని తింటున్నాం. జ్వరం ఒక్కరికీ రాలేదు. ఆడవాళ్ళకు రంగులద్దడం నేర్పాను. రాగి చిలుము పచ్చ కాగితాన్ని తినేస్తుంది, పల్చగా వెయ్యాలి. నీలిమందు తడిమీదే పరచాలి, లేకపోతే అంచు కడుతుంది. నూకాలు చెయ్యి చాలా నిలకడ. మాటే, ముల్లు. నాకు సరిపోయింది.

ఈరోజు దివాకరం వచ్చాడు. మనిషి తగ్గాడు. కిన్నెర గురించి ఏదో అనబోయాడు గానీ నేను మసి నూరడం ఆపలేదు. కాసేపటికి ఆరబెట్టిన పటం ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"మేడమ్, ఏమనుకోకండి. ఇప్పుడు ఈ పటంలో తప్పు లేదు."

నిజమే. జీవితమంతా తప్పు పటాలు చూశాను. పటం భూమికి ఒదగకపోవడం చూశాను. భూమే వచ్చి పటానికి ఒదగడం ఇంతకుముందు చూడలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌వాళ్ళు ఎన్ని అబద్ధాలు చెక్కినా ఇంతటి పనితనం వాళ్ళకు పట్టుబడలేదు.

వాడు పటం వెలుతురుకెత్తి, "ఇదేంటి, ఇక్కడ నీలం పుయ్యలేదే?" అన్నాడు. పెద్ద చేప ఉన్నచోట కాగితం తెల్లగా ఉంది. ఇంకొకటి తీశాడు. అందులోనూ అంతే. నూకాలు రంగులద్దిన ప్రతిదానిలోనూ అంతే.

"ఏమ్మా, ఎందుకు వదిలేశావు?"

నూకాలు తలెత్తలేదు. "అక్కడ మా ఆయనున్నాడండి."

దివాకరం నావంక చూశాడు. నేను కుంచె నీలంలో ముంచి వాడి చేతికిచ్చాను.

"అక్కడ నీళ్ళే ఉన్నాయని నీకంత నమ్మకమైతే నువ్వే పుయ్యి."

వాడు కుంచె పట్టుకుని పటం మీదకు వంగాడు. వంగి, అలాగే ఉండిపోయాడు. చుక్క ఒకటి జారి వాడి చెప్పు మీద పడింది. నూకాలు పని ఆపి వాడి చేతినే చూస్తోంది. ఆమె వెనక మిగిలిన ఆడవాళ్ళూ ఒక్కొక్కరే తలెత్తారు.

నేను తర్వాతి కాగితం తడపడానికి వెళ్ళాను.